యెక్కడికి పొమ్మంటారు?

నేను కాగితాలు రాసి బతికినవాణ్ణి. నెల్లూరు జిల్లాలో వొక చిన్న పట్నంలో ప్లీడరు గుమాస్తాగా చేరి, నలభై యేళ్లకు పైగా దావాలూ, జవాబులూ, నోటీసులూ, రాజీ కాగితాలూ రాశాను. మధ్యమధ్య కథలు కూడా రాశాను. రెండు రకాల రాతల్లోనూ నేను వొకే పొరపాటు చేశాను. అది నా వొక్కడి పొరపాటే అయితే దాన్ని గురించి పదిమంది ముందు చెప్పుకోనవసరం లేదు. మన చట్టమూ, మన సాహిత్యమూ కూడా చాలాకాలం అదే పొరపాటు చేశాయని నా నమ్మకం. అంచేత రాస్తున్నాను.

1979లో మా అక్క పుట్టింటికి వచ్చింది. పెళ్లయి అప్పటికి ఆరేళ్లు. చంకలో చిన్నది, కొంగు పట్టుకుని పెద్దవాడు. యెడమచెయ్యి మణికట్టు దగ్గర వాచి, వంకరపోయి వుంది. బావ కర్రతో కొట్టాడు. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు పోలీసులకు రాస్తాడనీ, పరువు పోతుందనీ మా నాన్న నాటుకట్టు కట్టించాడు. ఆ చెయ్యి ఈనాటికీ పూర్తిగా తిరగదు.

వచ్చినవాళ్లంతా అక్కను అడిగిన ప్రశ్న వొక్కటే: "యెందుకు కొట్టాడమ్మా?" కూర మాడిందేమోనని వొకరు, యెదురు చెప్పి వుంటుందని వొకరు. కారణం దొరికితే కొట్టినదాన్ని గురించి మాట్లాడే అవసరం తప్పుతుంది. అందరూ కారణం కోసం వెతికారు. నేనూ వెతికాను.

పదిరోజుల తరువాత మా అరుగు మీద నలుగురు పెద్దమనుషులు కూచున్నారు. నా దస్తూరీ బాగుంటుందనీ, కోర్టు భాష వచ్చుననీ కాగితం నన్ను రాయమన్నారు. అప్పటికి నాకు ఇరవైరెండేళ్లు. నలుగురిలో నా విద్యకు గుర్తింపు వచ్చిందని లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు? "ఉభయులకూ మాటా మాటా పెరిగి మనస్పర్ధలు కలిగినందున, పెద్దమనుషుల సమక్షమందు రాజీపడి, ఇకమీదట అన్యోన్యముగా కాపురము చేసుకొనగలవారము" అని రాశాను. ఇప్పుడు చూస్తే ఆ కాగితంలో కొట్టడం అన్న మాటే లేదు. మాట పెరిగింది, మనస్పర్ధ కలిగింది. అన్నీ వాటంతట అవే జరిగాయి. చెయ్యి విరిచినవాడూ లేడు, విరిగిన చెయ్యీ లేదు.

అక్క నెమ్మదిగా చదివించుకుంది. "అంతా బాగానే వుందిరా. మళ్లీ కొడితే నేను యెక్కడికి పోవాలో రాయలేదేం?" అంది. పెద్దమనుషుల్లో వొకాయన నవ్వాడు. నాన్న తల వంచుకున్నాడు. ఇంకా ఇద్దరు చెల్లెళ్లకు పెళ్లి చెయ్యాలి. అమ్మ లోపలినుంచి బయటికి రాలేదు. నేను కలం మూత పెట్టాను. అక్క సంతకం చేసి, మర్నాడు బస్సెక్కింది.

చట్టం లేక అలా జరిగిందని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే సమాధానం చెప్పుకున్నాను. కాని అది నిజం కాదు. అదే నెలలో మా ప్లీడరు గారి దగ్గరికి వొక గెట్టు తగాదా వచ్చింది. ఇద్దరు రైతులు కలబడ్డారు, వొకడి ముంజేతి యెముక విరిగింది. యెముక విరిగితే అది చట్టప్రకారం తీవ్రమైన గాయం. పీనల్ కోడు 325వ సెక్షను కింద యేడేళ్లదాకా శిక్ష వెయ్యవచ్చు. ఆ ఫిర్యాదు నేనే రాశాను. తేదీ, వేళ, కర్ర పొడుగు, సాక్షుల పేర్లు అన్నీ వేసి రాశాను. ఆ సెక్షను 1860 నుంచీ పుస్తకంలో వుంది. అందులో "భార్య చెయ్యి తప్ప" అని యెక్కడా లేదు. ఆ మాటను మేం చేర్చుకున్నాం. మా నాన్న, నలుగురు పెద్దమనుషులు, నేను.

జీవనభృతి కూడా వుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షను కింద, సరైన కారణంతో విడిగా వుంటున్న భార్య భర్తనుంచి భరణం అడగవచ్చు. కాని గరిష్ఠం నెలకు 500 రూపాయలు. ఆ పరిమితి 2001లోగాని పోలేదు. తిండి సంగతి చట్టం అలా చూసింది. యే కప్పు కింద కూచుని తినాలో చెప్పలేదు. అక్క అడిగింది సరిగ్గా దాన్ని గురించే.

1983లో రెండు సంగతులు జరిగాయి. మొదటిది మన హైకోర్టులోనే. భార్య కాపురానికి రావడంలేదని భర్త కోర్టుకు పోతే, రమ్మని డిక్రీ ఇచ్చే సెక్షను హిందూ వివాహ చట్టంలో వుంది. అది తొమ్మిదోది. కడప కోర్టులో మొదలైన అలాంటి కేసొకటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వస్తే, జస్టిస్ పి.ఏ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. యెవరితో కాపురం చెయ్యాలో, యెప్పుడు బిడ్డను కనాలో నిర్ణయించుకునే హక్కు స్త్రీ శరీరానికి సంబంధించినదనీ, దాన్ని డిక్రీతో లాక్కోవడం తగదనీ ఆ తీర్పు సారాంశం. మా ఆఫీసులో ప్లీడర్లు దాన్ని చదివి జోకులు వేసుకున్నారు. మరుసటి యేడే, 1984లో, వేరొక కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆ సెక్షను నేటికీ వుంది. అంటే, భార్యను రమ్మనడానికి చట్టానికి నోరు వుంది. "రాకపోతే యెక్కడుంటుంది?" అని అడగడానికే లేదు.

రెండోది ఆ యేడు డిసెంబరులో వచ్చిన 498-ఎ. డిల్లీలోనూ ఇతర నగరాల్లోనూ కోడళ్లు కిరసనాయిలు మంటల్లో చస్తూంటే మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. దాని ఫలితంగా, భర్తగాని అతని బంధువులుగాని చేసే క్రూరత్వం మొదటిసారి ప్రత్యేకమైన నేరమయింది. శిక్ష మూడేళ్లదాకా. మనసును బాధించడం కూడా అందులో చేరింది. అంతవరకూ చట్టం వొక్కొక్క దెబ్బను విడిగా లెక్కపెట్టేది. ఇప్పుడు కాపురం మొత్తాన్ని చూడగలిగింది. ఇది చిన్న మార్పు కాదు.

గెజిట్ కాగితం పట్టుకుని నేను అక్క దగ్గరికి పరిగెత్తాను. "కేసు పెట్టవచ్చక్కా, ఇప్పుడు చట్టం వచ్చింది" అన్నాను. అక్క రోట్లో పచ్చడి నూరుతోంది, కుడిచేత్తోనే. "పెడితే ఆయన జైలుకు పోతాడు. మరి నేను యెక్కడికి పోనురా? మీ ఇంటికా?" అంది. నేను వెంటనే "రా అక్కా" అనివుంటే యీ వ్యాసం రాసే అవసరం వుండేది కాదు. నాకు అప్పుడే పెళ్లయింది. రెండు గదుల ఇల్లు. నేను చట్టం గురించి మరికాస్త వివరించి వచ్చేశాను.

ఆ తరువాత నేను చేసిన పని ఇంకా అన్యాయం. అక్క మీద కథ రాశాను. 1985లో అచ్చయింది. అందులో భర్త కొడతాడు, పుట్టింటివారు పంపేస్తారు, నాయిక వెన్నెల రాత్రి నూతిలో దూకుతుంది. మిత్రులు కంటతడి పెట్టుకున్నారు. సమాజాన్ని నిలదీశానని వొక విమర్శకుడు మెచ్చుకున్నాడు. అక్క పెద్దవాడిచేత చదివించుకుని, నేను వెళ్లినప్పుడు అంది: "నన్ను నూతిలో తోసేశావేంరా? నేను బతికే వున్నానుగా."

నాకు జవాబు దొరకలేదు. బతికివున్న మనిషిని యేం చెయ్యాలో తెలియకనే చంపాను. చచ్చిన స్త్రీ కథకుడికి అనుకూలం. ఆమె ఇక యేమీ అడగదు. పాఠకుడు జాలిపడి పుస్తకం మూసి, భోజనానికి లేస్తాడు. మన అభ్యుదయ కథల్లో ఇలాంటి నూతులు తక్కువేమీ కాదు. గురజాడ కమలిని 1910లోనే భర్తకు బుద్ధిచెప్పి బతికింది. రంగనాయకమ్మ జానకి ఇల్లు విడిచి బయటికి నడిచింది. దారి చూపినవాళ్లు లేకపోలేదు. అయినా మాబోటివాళ్లం తేలికైన దారి పట్టాం.

చట్టమూ అప్పుడు అదే చేసింది. 1986లో 304-బి వచ్చింది: పెళ్లయిన యేడేళ్లలోగా భార్య కాలిన గాయాలతోనో, అసహజంగానో చనిపోతే, అంతకు ముందు కట్నం కోసం వేధించినట్టు రుజువైతే, అది కట్నం చావు. శిక్ష యేడేళ్లకు తక్కువ కాకుండా, యావజ్జీవందాకా. అవసరమైన చట్టమే. యెన్నో చావులు అంతకు ముందు "పొయ్యి పేలింది" అన్న వొక్క మాటతో మూసేశారు. కాని చచ్చిన ఆడదానికి చట్టం అంత గట్టి జవాబు తయారుచేసిన యేట, బతికి దెబ్బలు తింటున్నదానికి గట్టి జవాబు లేదు. బతకాలంటే ఆమెకు ఇల్లు కావాలి.

పుట్టిల్లు? 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేట్టు మన రాష్ట్రం కూతుళ్లకు వుమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశంలో అది ముందడుగు. కాని అప్పటికే పెళ్లయినవారికి వర్తించదన్నారు. అక్క పెళ్లి 1973లో అయింది. 1990లో మేం అన్నదమ్ములం పంచుకున్నాం. ఆ పంపకాల దస్తావేజు కూడా నా దస్తూరీలోనే వుంది. అందులో అక్క పేరు లేదు. 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన కూతుళ్లకూ హక్కు ఇచ్చేనాటికి పంచుకోవడానికి మా ఇంట్లో యేమీ మిగల్లేదు. బావను గురించి రాస్తున్నప్పుడు యీ సంగతి దాచిపెడితే అది మరొక రాజీ కాగితం అవుతుంది.

మధ్యలో 1992 వచ్చింది. మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్షరాస్యత బడుల్లో రాత్రిపూట వొకచోట కూచోవడం వల్ల యెవరి ఇంట్లో యేం జరుగుతోందో అందరికీ తెలిసింది. కూలి డబ్బు సారాకు పోవడం, సారా ఇంటికొచ్చి కొట్టడం, రెండూ వొకే లెక్కలో వున్నాయని వాళ్లు కనుక్కున్నారు. అక్క వూళ్లో కూడా ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని అంగడి ముందు కూచున్నారు. అక్క వాళ్లతో కూచుంది. 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది, 1995లో మద్యం మొత్తం నిషేధించి, రెండేళ్లకే సడలించింది. అక్క ఆ రోజుల గురించి చెప్పింది వొకటే: "ఆ నాలుగు నెలలూ ఆయన చెయ్యెత్తలేదురా. వీధంతా మేలుకుని వుంది." యే సెక్షనూ చెయ్యలేని పని పక్కింటివాళ్లు మేలుకుని వుంటే జరిగింది. వాళ్లు మళ్లీ యెవరి తలుపులు వాళ్లు వేసుకోగానే పాత కథ మొదలయింది.

2007లో అక్క మా ఆఫీసు మెట్లెక్కింది. అప్పటికి ఆమెకు యాభైనాలుగేళ్లు. బావ ఇల్లు అమ్మేస్తానని, అడ్డుచెప్పినందుకు కొట్టి, ఆమె ట్రంకుపెట్టె వీధిలో పడేశాడు. కొడుకు బెంగుళూరు రమ్మన్నాడు. నేనూ, ఇరవైయెనిమిదేళ్లు ఆలస్యంగా, మా ఇంటికి రమ్మన్నాను. అక్క అంది: "ముప్ఫైనాలుగేళ్లు ఆ ఇల్లు అలికాను. ఇప్పుడు నేనెందుకు పోవాలి? ఆ ఇంట్లోనే వుంటాను. ఆయన కొట్టకుండా చెయ్యి."

మొదటిసారి దానికి చట్టంలో జవాబు వుంది. గృహహింసనుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు 26నుంచి అమల్లోకి వచ్చింది. దాని పదిహేడో సెక్షను చదివి నేను చాలాసేపు అలాగే కూచున్నాను. కలిసి కాపురమున్న ఇంట్లో, ఆ ఇల్లు ఆమె పేర వున్నా లేకున్నా, వుండే హక్కు ఆమెకుంది. చట్టప్రకారం తప్ప వెళ్లగొట్టకూడదు. కొట్టడమే కాదు, తిట్టడం, అవమానించడం, లైంగికంగా హింసించడం, డబ్బివ్వకుండా మాడ్చడం కూడా హింసే. భార్యలే కాదు, తల్లులు, అక్కచెల్లెళ్లు, వితంతువులు, పెళ్లి వంటి సంబంధంలో వున్నవాళ్లు కూడా అడగవచ్చు. మేజిస్ట్రేటు కొట్టవద్దని ఉత్తర్వు ఇవ్వవచ్చు, అవసరమైతే మగవాణ్ణే బయటికి పొమ్మనవచ్చు. ఉత్తర్వు మీరితే యేడాదిదాకా జైలు. అంతవరకూ చట్టానికి రెండే దారులు తెలుసు: మొగుణ్ణి జైలుకు పంపడం, కాపురం విడగొట్టడం. "కొట్టకుండా వుండు, నేనిక్కడే వుంటాను" అనే మామూలు కోరికకు చట్టంలో చోటు దొరకడానికి స్వాతంత్ర్యం వచ్చాక యాభైతొమ్మిదేళ్లు పట్టింది.

అక్క దరఖాస్తు నేనే రాశాను. "1979లో మణికట్టు విరగ్గొట్టాడు" అని మొదలుపెట్టాను. మాట పెరగలేదు, మనస్పర్ధ కలగలేదు. పేరు పెట్టి, ఫలానావాడు కొట్టాడు అని రాశాను. అక్క మొత్తం చదివించుకుని, "ఇదీ కాగితం" అంది.

మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో, ముగింపు అరవై రోజుల్లో జరిగేట్టు చూడాలని చట్టం అంటుంది. మాకు తొమ్మిది నెలలు పట్టింది. రక్షణాధికారి అనే ఉద్యోగికి యీ పని అనేక పనుల్లో వొకటి; మేం వెళ్లినప్పుడల్లా ఆమె మరొక మీటింగులో వుండేది. చివరికి ఉత్తర్వు వచ్చింది: కొట్టకూడదు, ఇంట్లోనుంచి వెళ్లగొట్టకూడదు, ఇల్లు అమ్మకూడదు. అక్క దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యపు డబ్బాలో దాచింది. బావ పోలీసులకు భయపడ్డాడో, వయసుకు లొంగాడో చెప్పలేను. మళ్లీ చెయ్యెత్తలేదు. 2016లో పోయాడు. అక్క ఆ ఇంట్లోనే వుంది.

అందరికీ అలా జరగలేదు. మరొక అమ్మాయి వచ్చింది. ఆమె కాపురమున్న ఇల్లు అత్తగారి పేర వుంది. 2006 డిసెంబరులోనే సుప్రీంకోర్టు వొక తీర్పులో, అత్తగారి సొంత ఇంట్లో కోడలికి యీ హక్కు లేదన్నది. యెదుటి ప్లీడరు ఆ తీర్పు చదవగానే మా కేసు కూలిపోయింది. మన దేశంలో యెంతమంది మొగుళ్లకు సొంత పేర ఇల్లుంటుంది? 2020లో అదే కోర్టు ఆ తీర్పు తప్పని సరిదిద్దింది. పధ్నాలుగేళ్లు. ఆ అమ్మాయి యిప్పుడు యెక్కడుందో నాకు తెలియదు.

ఇక దుర్వినియోగం సంగతి. 498-ఎ అనగానే మగవాళ్లు వెంటనే యెత్తే మాట యిదే. నేను దాన్ని కొట్టిపారెయ్యను, యెందుకంటే అలాంటి కాగితాలు కూడా నేనే రాశాను. మొగుడు కొట్టాడని వచ్చిన ఆడపిల్ల ఫిర్యాదులో, యెక్కడో దూరపు వూళ్లో వున్న ఆడబిడ్డ పేరూ, ముసలి మామగారి పేరూ ప్లీడరు చెప్పితే చేర్చాను. కేసుకు బలం వస్తుందని. ఆ పిల్ల అడగలేదు. ఆమె నిజానికి మా రాత వల్ల మచ్చ పడింది. యెవరినిపడితే వారిని యాంత్రికంగా అరెస్టు చెయ్యకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందంటే, అందులో మా గుమాస్తాల పాపం కూడా వుంది. అయితే 2017లో, కుటుంబ సంక్షేమ కమిటీ చూసి చెప్పేదాకా అరెస్టు వద్దన్నప్పుడు నాకు మా అరుగు మీది నలుగురు పెద్దమనుషులు గుర్తొచ్చారు. 2018లో ఆ కమిటీలను కోర్టే తీసివేసింది. మంచిపనయింది. కొన్ని ఫిర్యాదుల్లో పేర్లు యెక్కువ పడ్డాయని అంటారు. అసలు యే కాగితానికీ యెక్కని దెబ్బల లెక్క యెవరూ తియ్యరు.

2024 జూలై నుంచి పీనల్ కోడు స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 498-ఎ యిప్పుడు 85, 86 సెక్షన్లయింది, 304-బి 80 అయింది. అంకెలు మారాయి. పద్దెనిమిదేళ్లు నిండిన భార్యను భర్త బలాత్కరిస్తే అది మానభంగం కాదనే మినహాయింపు మాత్రం కొత్త పుస్తకంలోకీ నడిచివచ్చింది. గృహహింస చట్టం దాన్ని హింస అంటుంది, శిక్షాస్మృతి నేరం కాదంటుంది. "భార్య తప్ప" అన్న మాటను 1979లో మేం మనసులో చేర్చుకున్నాం. ఇక్కడ అది అచ్చులోనే వుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వొక అంకె వుంది. భార్య చెప్పకుండా బయటికి పోతేనో, పిల్లల్ని సరిగా చూడకపోతేనో, అత్తమామలను గౌరవించకపోతేనో - ఇలాంటి యేడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా మొగుడు కొట్టడం న్యాయమేనా అని ఆడవాళ్లనే అడిగారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 83 మందికి పైగా అవునన్నారు. దేశంలో అందరికంటే ముందున్నాం. మా అరుగు మీద అందరూ వెతికిన "యెందుకు?" ఆడవాళ్ల నోటిదాకా వెళ్లి స్థిరపడింది. దెబ్బలు తిన్నవారిలో సహాయం అడిగినవారు దేశం మొత్తంమీద నూటికి పధ్నాలుగుమంది. అడిగినవారు కూడా యెక్కువగా అడిగింది పుట్టింటివాళ్లనే. అంటే తండ్రిని, తమ్ముణ్ణి. అంటే నన్ను.

అంచేత చట్టాలు దండగ అనేవాళ్లతో నేను యేకీభవించను. పదిహేడో సెక్షను లేకపోతే మా అక్క ట్రంకుపెట్టె వీధిలోనే వుండేది. అలాగే, చట్టం వచ్చింది కాబట్టి ఇక మన పని అయిపోయిందనేవాళ్లతోనూ యేకీభవించను. రక్షణాధికారులకు వేరే పని లేకుండా చెయ్యాలని అడగాలి, మేజిస్ట్రేటు కోర్టుల్లో అరవై రోజుల గడువు నిలబడాలని అడగాలి. ఆస్తి పంచుకునేటప్పుడు అక్కచెల్లెళ్ల పేర్లు రాయాలి. కథలు రాసేవాళ్లం నూతులు కాస్త పూడ్చాలి. దెబ్బలు తిన్న మనిషి మర్నాడు పొద్దున్నే లేచి యేం చేసింది, యెవర్ని అడిగింది, వాళ్లేమన్నారు, అద్దె యెంత, పిల్లల బడి యెక్కడ అన్నవి రాయడం కష్టం. ఆ కష్టం పడనివాడికి అభ్యుదయ రచయిత అనిపించుకునే అర్హత తక్కువ. నాకు చాలాకాలం లేదు.

ఇది రాస్తానని అక్కకు చెప్పి అనుమతి అడిగాను. ఆమెకు డెబ్బై దాటాయి. అరుగు మీద కూచుని కుడిచేత్తో చింతపండు గింజలు తీస్తోంది. "రాయి. ఈసారి మాత్రం నూతిలో తొయ్యకు" అంది.